గులకరాళ్ళు విసరడం తెలిసినావిడ

పోయిన వారం మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆవిడ పోయిన వార్త వచ్చింది. ఆష్‌బర్న్‌లో కూతురింట్లో, నిద్రలోనే ప్రాణం పోయిందని రాశారు. వరసగా దండం పెట్టే బొమ్మలు వచ్చాయి. మధ్యలో ఎవరో, "ఈ ఆంటీ ఎవరు? గుర్తు రావట్లేదు" అని అడిగారు. ఇంకెవరో జవాబిచ్చారు. "బాతెల్‌లో ఉండేవారు కదా, పెద్ద నల్ల జాకెట్ వేసుకుని వాకింగ్ చేసే ఆంటీ."

అది అబద్ధం కాదు. చీర మీద అల్లుడి పాత జాకెట్, దాని గుండె మీద అల్లుడి కంపెనీ ముద్ర, కాళ్ళకి తెల్ల బూట్లు, చేతులు రెండూ జేబుల్లో. వానైనా ఎండైనా ఆవిడ అలాగే నడిచేవారు. కానీ ఆ జేబుల్లో ఏముండేవో గ్రూపులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. గులకరాళ్ళు. అవి మా గోడవి.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఆ గోడ గురించి చెప్పాలి.

నేను చదివింది బీకాం. మా ఆవిడ ఉద్యోగం మీద డిపెండెంట్ వీసాతో అమెరికా వచ్చాను. పని చేయడానికి అనుమతి లేని ఆరేళ్ళూ బాతెల్ లైబ్రరీలోనే గడిపాను. కుళాయి బిగించడం, పుట్టగొడుగుల రకాలు, రోమన్లు సిమెంటు కలిపిన తీరు, ఏ అల్మరా ముందు నిలబడితే అది చదివాను. ఈ ఊళ్ళో దొరకని పుస్తకాన్ని వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించుకోవడం కూడా నేర్చుకున్నాను. కాబట్టి గోడ పెచ్చు ఊడినప్పుడు నేనేమీ భయపడలేదు.

మాది పాత ఇల్లు. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ నున్నటి పలకలు ఉంటే, మా ఉత్తరపు గోడకి మాత్రం ఎన్నో దశాబ్దాల కిందట ఎవరో సిమెంటు పూసి, అది తడిగా ఉండగానే చిన్న చిన్న గులకరాళ్ళు విసిరి అంటించారు. చెయ్యి రాస్తే తోలు గీరుకుపోతుంది. పైనుంచి నీళ్ళు దిగే గొట్టం పగిలి, ఒక చలికాలమంతా నీళ్ళు గోడ లోపలికి దిగాయి. చివరికి అన్నం పళ్ళెమంత పెచ్చు ఊడి కింద మొక్కల్లో పడింది. సరిగ్గా ఆ నెలలోనే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వచ్చి ఇంటి ఫొటోలు తీసుకుపోయాడు. తర్వాత ఉత్తరం వచ్చింది. ముప్పై రోజుల్లో గోడ బాగుచేయించి ఫొటో పంపకపోతే పాలసీ రెన్యూ చేయం అని. ఇన్సూరెన్స్ లేకపోతే అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. ముగ్గురు కాంట్రాక్టర్లకి ఫోన్ చేశాను. ఇద్దరు ఇంత చిన్న పనికి రామన్నారు. మూడో అతను గోడంతా పీకేసి పలకలు కొడతానన్నాడు.

"యూట్యూబ్ చూడకపోయావా?" అంది మా ఆవిడ.

"దీని మీద మంచి పుస్తకం ఉంది."

"నీకు ఎప్పుడూ ఉంటుంది."

శనివారం నాడు పుస్తకం ముందు పెట్టుకుని సిమెంటు కలిపాను. హార్డ్‌వేర్ స్టోర్‌లో కొన్న గులకరాళ్ళ బస్తా విప్పి, పళ్ళెమంత చోటునీ నింపాను. చూడ్డానికి చక్కగానే ఉంది. సోమవారం ఆఫీస్ నుంచి వచ్చేసరికి సగం రాళ్ళు నేల మీద ఉన్నాయి. గోడ దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నల్ల జాకెట్. జేబులోంచి ఒక చెయ్యి తీసి, వేలి కణుపుతో గోడని కొడుతూ, చెవి దగ్గరగా పెట్టి వింటోంది. డాక్టర్లు వీపు మీద కొట్టి వింటారే, అచ్చం అలాగే.

"ఇల్లు మీదేనా బాబూ?"

తెలుగులోనే అడిగారు. గుమ్మానికి మామిడాకుల తోరణం ఉంది, చూసినట్టున్నారు. నాదేనన్నాను.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"ఊఁ" అన్నారు. కింద రాలిన రాయి ఒకటి తీసి, గోరుతో గీకి, వేలికి అంటిన తెల్ల పొడి చూపించారు. "రాళ్ళు కడిగారా?"

"కొత్త బస్తా అండీ."

"బియ్యం కూడా కొత్త బస్తానే. కడక్కుండా వండుతారా?"

ఆవిడ గోడకేసి ఇంకా దగ్గరగా చూశారు. "ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కారు కదూ. హల్వా మీద జీడిపప్పు అద్దినట్టు అద్దారు."

నిజంగానే అలా నొక్కాను. రాళ్ళు విసరాలని పుస్తకంలో ఉంది. ఆఖరి నిమిషంలో నాకు ధైర్యం చాలలేదు.

ఆవిడ మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు. ఒకచోట టక్కుమని, ఇంకోచోట డబ్బుమని మోగుతోంది. "చాక్‌పీస్ ఉంటే తెండి" అన్నారు. మా అమ్మాయి దారి మీద బొమ్మలు గీసుకునే గులాబీ రంగు చాక్‌పీస్ తెచ్చి ఇచ్చాను. ఎడం చేత్తో కొడుతూ గీత గీసుకుంటూ పోయారు. అందనంత పైకి వెళ్ళాక నా చేత కొట్టించి, గీయించారు. పూర్తయ్యేసరికి నా పళ్ళెం కాస్తా తలుపులో సగమంత అయింది.

ఇన్సూరెన్స్ వాళ్ళ ఫొటోల సంగతి, ఉత్తరం సంగతి చెప్పి, "ఇదంతా బాగానే కనిపిస్తోంది కదండీ" అన్నాను.

"కనిపిస్తోంది. కానీ గోడని పట్టుకుని లేదు. ఈ వానాకాలానికి పడిపోతుంది. ఫొటో తీసుకుపోయినాయన మళ్ళీ వస్తాడు."

గోడని కొట్టి వినాలన్న సంగతి కూడా నా పుస్తకంలో ఉంది. ఆ పేజీ చదివాను కూడా. కళ్ళతో చూస్తే తెలిసిపోదా అనుకున్నాను.

గోడలు కొట్టడం ఆవిడకి అలవాటని తర్వాత తెలిసింది. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పుకుంటూ పక్కన గోడని ఓసారి కణుపుతో తట్టేవారు. ఇక్కడి ఇళ్ళలో లోపలి గోడలు అట్టలే కదా. "డొల్ల" అనేవారు నవ్వుతూ. గుడిలో స్తంభాన్ని తట్టి, "ఇది కూడా డొల్లే" అని ఆవిడ అంటే, పూజారిగారు విననట్టు హారతి ఇచ్చారు.

ఆ వారాంతంలో ఆవిడ కూతురు మా ఇంటికి వచ్చింది. అప్పట్లో మూడు వీధుల అవతలే ఉండేవారు, ఆష్‌బర్న్‌కి మారింది తర్వాత. ఏదో బయోటెక్ కంపెనీలో ఉద్యోగం. మాట మెత్తన, నిలబడే తీరు మాత్రం తల్లిదే.

"అన్నయ్యగారూ, ఒక రిక్వెస్ట్. అమ్మకి రైట్ షోల్డర్ ఫ్రోజెన్. థెరపీ నడుస్తోంది. ఆవిడ చేత ఏమీ ఎత్తించకండి, విసిరించకండి ప్లీజ్. చెప్తే వినదు."

తల్లి ఒకప్పుడు కూలిపని చేసిందని బయటపడుతుందని ఈ అమ్మాయికి మొహమాటమేమో అనుకున్నాను. నా మొహం చూసి కనిపెట్టినట్టుంది.

"ఆ షోల్డర్ ఎలా పోయిందనుకుంటున్నారు? ఇరవై ఏళ్ళు ఇదే పని. ఒంగోలు చుట్టుపక్కల స్కూళ్ళకి, సినిమా హాళ్ళకి ముందు గోడలు మా అమ్మ విసిరినవే. నాన్న పూత పూస్తే అమ్మ రాళ్ళు వేసేది. నేను రాళ్ళు కడిగేదాన్ని."

"నోటితో చెప్పొచ్చా?" అన్నారు వెనకనుంచి ఆవిడ. "నోటికేం థెరపీ లేదుగా."

కూతురు నవ్వాపుకుంటూ, "నోటితో అయితే ఓకే అమ్మా. ఓన్లీ నోటితో" అంది.

అలా మా పని మొదలైంది. చెయ్యి నాది, కన్నూ నోరూ ఆవిడవి. గ్యారేజ్‌లోంచి మడత కుర్చీ తెచ్చి వేస్తే, జేబుల్లో చేతులు పెట్టుకుని దానిలో కూర్చునేవారు. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. తప్పు చేస్తే "ఊఁ" అనేవారు, బాగా చేస్తే ఏమీ అనేవారు కాదు. మహా బాగా చేస్తే "పర్లేదు" అనేవారట. అది కూతురు చెప్పిన మాట. నేను ఇంకా వినలేదు.

చాక్‌పీస్ గీత వెంట పాత పూతంతా కొట్టేశాం. ఆవిడ లేచి వచ్చి లోపలికి తొంగి చూశారు. ఇటుకలు లేవు. చెక్క, దాని మీద తారు కాగితం, దాని మీద కోళ్ళ గూడుకి కట్టే వల లాంటి తీగ.

"ఇదేం గోడ బాబూ? కాగితానికి సిమెంటు పూశారా?"

ఇక్కడ మాత్రం నా లైబ్రరీ అక్కరకొచ్చింది. ఈ దేశంలో చెక్క ఇళ్ళ తీరు వేరని చెప్పాను. లోపలికి దిగిన నీళ్ళు ఆ కాగితం మీదుగా కిందకి జారిపోతాయనీ, చిరిగినచోట కొత్త కాగితం వేసేటప్పుడు పై కాగితం అంచు కింద కాగితం మీదకి రావాలనీ, తిరగేసి వేస్తే నీళ్ళు చెక్కలోకే పోతాయనీ బొమ్మ చూపించి చెప్పాను. ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూశారు.

"తాటాకు కప్పు వేసినట్టు. కింద నుంచి మొదలెట్టి పైకి పోవాలి."

"అంతేనండీ."

"ఇది నాకు తెలీదు. ఇవాళ మీ పుస్తకం గెలిచింది" అన్నారు. ఆ మాట అనడానికి ఆవిడ ఏమాత్రం ఇబ్బంది పడలేదు. నేనైతే అంత తేలిగ్గా అనేవాణ్ణి కాను.

మొదటి పూత వేశాం. మీద గీతలు గీశాం, రెండో పూతకి పట్టు దొరకాలని. పూటపూటా నీళ్ళు చల్లుతూ రెండు రోజులు ఆగాం. రెండో పూత వేశాక ఇంకో వారం ఆగాలన్నారు. ఇన్సూరెన్స్ ఉత్తరంలోని ముప్పై రోజుల్లో అప్పటికే పద్దెనిమిది అయిపోయాయి. మూడు రోజులాగితే చాలదా అని అడిగాను.

"చాలు. మీకు చాలు, గోడకి చాలదు" అన్నారు.

ఆ వారంలో ఒక సాయంత్రం ఆవిడని లైబ్రరీకి తీసుకువెళ్ళాను. గుమ్మంలోనే స్తంభాన్ని తట్టి, మొదటిసారి తల ఊపారు. ఇల్లు కట్టే పుస్తకాల అల్మరా ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, రాళ్ళ గోడల గురించి రాసిన పేజీలు ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. ఒక పుస్తకంలో గోడ మీద ఎండ పడే వేళ చివరి పూత వేయొద్దనీ, నీడ జరిగే కొద్దీ దాని వెంట పని జరుపుకోవాలనీ ఉంది. కళ్ళు తెరిచారు.

"ఈయన తాపీ పట్టుకున్నవాడు."

ఇంకో పుస్తకం చాలా ఖరీదైనది. రంగు ఫొటోలు. ఒక మనిషి నవ్వుతూ రాళ్ళు విసురుతున్నట్టు నిలబడ్డాడు. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, వేలితో చూపించారు.

"ఇతని చొక్కా చూడండి. మాసిందా? ఇతను వెయ్యలా. ఫొటో కోసం పట్టుకున్నాడు."

ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, రాసినవాడి చొక్కా చూడాలని నాకెప్పుడూ తోచలేదు. అప్పట్నించి ఏ పుస్తకం తీసినా మొదట అదే వెతుకుతున్నాను. చొక్కా అంటే బొమ్మలోదే కానక్కరలేదు. మాటల్లో కూడా తెలిసిపోతుంది.

ఇక రాళ్ళు. స్టోర్‌లో కొన్న బస్తా ఆవిడకి నచ్చలేదు. "వీటన్నిటికీ ఒకటే పోలిక. అన్నదమ్ముల్లా ఉన్నాయి. గోడ మీదవి సంతలో జనంలా ఉన్నాయి చూడండి. నల్లవి, ఎర్రవి, పొట్టివి, పొడుగువి." రోజూ వాకింగ్‌కి వచ్చినప్పుడల్లా మా గోడ మొదట్లో, మొక్కల కింద, ఏళ్ళ తరబడి రాలిన పాత రాళ్ళు ఏరి జేబులో వేసుకునేవారు. ఇంటికి తీసుకుపోయి, కడిగి, తుడిచి మర్నాడు తెచ్చేవారు. వాళ్ళింటి సింకులో నా గోడ రాళ్ళు ఉన్నాయని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, పప్పు గిన్నెలో కూడా ఉన్నాయి."

పాత గోడలో అక్కడక్కడా ఆకుపచ్చ గాజు ముక్కలు మెరుస్తుండేవి. "సీసా పెంకులు" అన్నారు ఆవిడ. "వేసినాయన తాగి ఉంటాడు. తాగినా వేసింది మాత్రం బాగా వేశాడు." మా ఇంట్లో ఒక ఆకుపచ్చ సోడా సీసా ఉంటే తువ్వాలులో చుట్టి నా చేత సుత్తితో కొట్టించారు. ముక్కల పదును పోవాలని ఒక డబ్బాలో ఇసకతో కలిపి ఆడించమన్నారు. ఆడించాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "పీహెచ్‌డీ ఎంతవరకు వచ్చింది?" అంది.

విసరడానికి నేను కొన్న ఇనప గరిటెని ఆవిడ ముట్టుకోలేదు. ఖాళీ అయిన గాలన్ ప్లాస్టిక్ పాల క్యాన్ తెమ్మన్నారు. పిడి వదిలేసి అడుగు భాగాన్ని ఏటవాలుగా కోయించారు. చేటకి పిడి పెట్టినట్టు అయింది. చేతిలో దాని బరువే తెలియలేదు.

ఇరవయ్యేడో రోజు శనివారం. ఆ మధ్యాహ్నం వరకే పొడి వాతావరణం, తర్వాత వారమంతా వాన అని ఫోన్ చెబుతోంది. తప్పితే ఇక రోజు లేదు. పొద్దున్నే ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేల మీద పట్టా పరిచాను. గోడ తడిపాను. చివరి పూత కొంచెం జారుగా కలిపి తలుపులో సగమంత చోటూ పూశాను. కడిగిన రాళ్ళు తడిగా పక్కన పెట్టుకున్నాను.

"పై నుంచా, కింద నుంచా అండీ?"

"కింద నడుము ఎత్తున మొదలెట్టండి. చెయ్యి కుదిరాక పైకి పోదురుగాని. తొరగా. పూసిన మాలు బిగుసుకుందంటే రాయి కూర్చోదు."

పాల క్యాన్‌లో రాళ్ళు తీసుకుని విసిరాను. అవి గోడకి తగిలీ తగలనట్టు తగిలి పట్టా మీద పడ్డాయి. మళ్ళీ విసిరాను. నాలుగు అంటుకున్నాయి.

"బాబూ, మీరు అక్షింతలు వేస్తున్నారు. గోడకి పెళ్ళి కాదు."

నవ్వొచ్చింది కానీ చెయ్యి మారలేదు. నలభై ఎనిమిదేళ్ళుగా నాకు తెలిసిన విసురుడు అదొక్కటే. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని వ్రతాల్లో ఎవరికీ తగలకుండా, మెత్తగా, వేళ్ళు విప్పి వదిలిన చెయ్యి అది. గట్టిగా విసరమంటే ఆ చేతికి అర్థం కాలేదు.

"మోచెయ్యి ఒంటికి ఆనించండి. మణికట్టు ఒక్కటే తిరగాలి. మూరెడు దూరంలో నిలబడండి. అంత దూరం కాదు, రాయికి అలుపొస్తుంది."

ఇంకో నాలుగు విసుర్లు. నాకు కోపం వచ్చింది. బలమంతా పెట్టి కొట్టాను. రాళ్ళు తిరిగొచ్చి నా కళ్ళద్దాలకి తగిలాయి.

"కోపంగా వెయ్యమన్లా, గట్టిగా వెయ్యమన్నాను. కోపంగా వేస్తే రాయి వెనక్కొస్తుంది."

పూత మీద తడి మెరుపు తగ్గుతోంది. నేను అటు చూశాను, ఆవిడా చూశారు. కుర్చీ కిర్రుమంది. లేచి వచ్చి నా చేతిలో క్యాన్ తీసుకున్నారు.

"అమ్మా, వద్దండీ. మీ అమ్మాయి..."

"అది కుడిచేతి సంగతి. ఎడం చేతికి ఏ డాక్టరూ ఏమీ చెప్పలా."

కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఎడం చేత్తో ఒక విసురు విసిరారు. 'ఛట్' అని ఒకటే చప్పుడు. నేను విసిరితే గింజలు ఒలికినట్టు చాలా చప్పుళ్ళు వచ్చేవి. ఆవిడ విసిరితే గుప్పెడు రాళ్ళకీ కలిపి ఒక్కటే. చూస్తే అరచేతి మందాన పరుచుకుని, ఒకదాన్ని ఒకటి ఒరుసుకోకుండా కూర్చున్నాయి. రెండోది వేశారు. మూడోది మొదటి రెండింటి మధ్య సందులో పడింది. ఎప్పుడూ పనికి దింపని చెయ్యి అది. మొహంలో మాత్రం ఏ హడావుడీ లేదు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు ఉంది ఆ మొహం.

"చూశారుగా. ఇప్పుడు మీరు పైన. నిచ్చెనెక్కండి."

కింద ఆవిడ ఎడం చెయ్యి, పైన నా కుడిచెయ్యి. ఆ చప్పుడు చెవిలో పెట్టుకుని విసిరాను. మెల్లగా నాదీ దగ్గరపడింది. చప్పుడు ఒకటి కాకపోయినా రెండు మూడు కంటే ఎక్కువ కాలేదు. భుజం ఎత్తు వరకు అయ్యాక చెక్క పలకతో ఒక్కసారి మెత్తగా అదమమన్నారు, రుద్దొద్దన్నారు. అంతా బాగానే జరిగింది కానీ ఎడమ వైపు పై మూలకి వచ్చేసరికి పూత బిగుసుకుంది. రాళ్ళు నిలవలేదు. వాన మొదలయ్యేలా ఉంది. ఆవిడ కింద వంగి పట్టా మీది రాళ్ళు ఏరుతున్నారు కదా అని, క్యాన్‌లో మిగిలిన రాళ్ళు తీసి ఆ మూలలో బొటనవేలితో గబగబా నొక్కేశాను.

నిచ్చెన దిగాక ఆవిడ తలెత్తి మూలకేసి చూశారు. "ఊఁ" అన్నారు.

ఫొటోలు తీసి పంపించాను. ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో, ఈ పని చేసింది ఎవరు అనే ప్రశ్న ఉంది. ఇంటి యజమాని అని ఒక గడి, కాంట్రాక్టర్ అని ఒక గడి. రెండోది నొక్కితే పేరు రాయాలి. ఆవిడ పేరు రాద్దామనిపించి ఫోన్ చేశాను.

"నా పేరెందుకు?"

"మీరు లేకపోతే ఈ గోడ లేదు కదండీ."

"ఎన్ని గోడలు వేశానో బాబూ, దేని మీదా నా పేరు లేదు. ఎవరూ అడగలా. ఇప్పుడు మీరడిగారు, సంతోషం. కానీ వద్దు."

"ఎందుకండీ? లైసెన్స్ గురించా?"

"ఆ పై మూల చూసినవాళ్ళు అది నేను వేశాననుకోరూ? మీ పేరే రాసుకోండి."

నా పేరే రాశాను. నాలుగో రోజు పాలసీ రెన్యూ అయిందని ఉత్తరం వచ్చింది. మా ఆవిడ పాయసం చేసి వాళ్ళింటికి పంపించింది. నా దృష్టిలో పని అయిపోయింది.

ఆవిడ దృష్టిలో కాలేదు. ఆ చలికాలమంతా, వసంతమంతా వాకింగ్‌లో మా ఇంటి ముందు ఆగి తలెత్తి పైకి చూసి వెళ్ళేవారు. కిటికీలోంచి నేను కనిపిస్తే పలకరించేవారు. వాన గురించి, మనవడి క్రికెట్ గురించి, అన్నిటి గురించీ మాట్లాడేవారు, మూల గురించి తప్ప. ఒక పక్క గోడంతా వానకి తడిసి రంగు కలిసిపోయింది. అతుకు ఎక్కడుందో నాకే తెలియడం మానేసింది. ఆ మూల మాత్రం రోజుకొక రాయి రాలుస్తూనే ఉంది.

జులైలో ఒక శనివారం పొద్దున తలుపు తడితే తీశాను. ఆవిడా, కూతురూ. కూతురి చేతిలో బకెట్ నిండా కడిగిన రాళ్ళు. "కారులో వస్తూ చెప్పింది ఎక్కడికో" అంది కూతురు. "తెల్లారకముందే నా చేత రాళ్ళు కడిగించింది. చిన్నప్పట్లాగే."

"ఇన్సూరెన్స్ వాళ్ళ పని అయిందిగా అండీ" అన్నాను.

"వాళ్ళదయింది. ఆ మూల కొట్టేద్దాం."

ఆవిడ చెయ్యి అప్పటికి చెవి వరకు లేస్తోంది కానీ నిచ్చెన ఎక్కే వయసు కాదు. వేయాల్సింది నేనే. అరచదరపు గజం కూడా లేదు. పాత పూత కొట్టి, అడుగు పూతలు పూసి, మళ్ళీ వారం ఆగాం. ఈసారి గడువు లేదు. అయినా తర్వాతి శనివారం నిచ్చెన ఎక్కడానికి కిందటిసారి కంటే ఎక్కువ భయపడ్డాను. అప్పుడు బ్యాంకు భయం. ఇప్పుడు కింద తలెత్తి నిలబడ్డ ఆవిడ.

పూత పూశాను. మోచెయ్యి ఒంటికి ఆనించాను. విసిరాను.

ఛట్.

కిందనుంచి "ఊఁ" రాలేదు. ఇంకోటి విసిరాను. ఇంకోటి. పలకతో ఒకసారి అదిమాను. నిచ్చెన దిగి పక్కన నిలబడ్డాను. ఆవిడ కొంత వెనక్కి నడిచి చూశారు, పక్కకి వెళ్ళి చూశారు, కళ్ళు చికిలించి చూశారు.

"పర్లేదు" అన్నారు.

కూతురు నా వైపు చూసి కనుబొమలెత్తింది.

కొళాయి కింద చేతులు కడుక్కుంటూ ఆవిడ, "ఇప్పుడు రాయండి" అన్నారు.

"ఏం రాయనండీ?"

"పేరు. ఆ గోడ వాళ్ళకి. అప్పుడు అడిగారుగా."

పది నెలల కిందటి ఫారం అది. ఆ ఫైలు ఎప్పుడో మూసేశారు, ఇప్పుడు పంపినా ఎవరూ చూడరు. ఆ మాట చెప్పబోయి మానుకున్నాను. అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఆ వెబ్‌సైట్ తెరిచాను. గోడ ఫొటో కొత్తది తీసి ఎక్కించాను. కాంట్రాక్టర్ అన్న గడి నొక్కాను. ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. లైసెన్స్ నంబరు అడిగినచోట 'లేదు' అని కొట్టాను. ఆవిడ పక్కన కూర్చుని, పేరు చూపించమన్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు. తడి వేలితో ఒక్కొక్క అక్షరం మీదుగా జరుపుకుంటూ చివరిదాకా వెళ్ళారు.

"ఇంత పొడుగుందా నా పేరు?"

"ఇంగ్లీషులో అంతే అమ్మా" అంది కూతురు.

పంపించాను. నిమిషంలో జవాబు వచ్చింది, మనిషి రాసింది కాదు, కంప్యూటర్ పంపేది.

"ఏమంటున్నారు?"

చదివి తెలుగులో చెప్పాను. "అందిందట. ఇకపై మీరు చేయవలసింది ఏమీ లేదు అంటున్నారు."

ఆవిడ లేచి, తడి చేతులు జాకెట్‌కి తుడుచుకున్నారు.

"ఉండదు మరి" అన్నారు. "మూల కూడా అయిపోయిందిగా."